ఇత్తడి పళ్ళెంలో యెరూషలేము

నాన్న పోయిన పదమూడో రోజు, కెనడాలో, విన్నిపెగ్‌లో మా ఇంటి హాల్లో భోజనాలవుతుండగా, వెంకట్రావు అంకుల్ గారెను అల్లం పచ్చడిలో అద్దుకుంటూ నా చిన్ననాటి ఘనకార్యం ఒకటి అందరికీ చెప్పారు. ఆయనకి ఎనభై ఎనిమిదేళ్ళు. రెండు చెవులకీ మెషీన్లు ఉన్నాయి కాబట్టి మాట్లాడితే వీధి చివరకి వినబడుతుంది. “మాస్టారి కూతురంటే ఏమనుకున్నారు? పదకొండేళ్ళ పిల్ల! సుల్తాను సైన్యం మొత్తాన్ని కరకరా నమిలేసింది! మేమంతా చప్పట్లే చప్పట్లు. ఏం సుధమ్మా, గుర్తుందా?” అన్నారు. హాల్లో ముప్పై మంది దాకా ఉన్నారు. ఆ నమలడమేమిటో, ఆ సైన్యమేమిటో ఒక్కరికీ తెలియదు. అయినా అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అరవై రెండేళ్ళు వచ్చినదాన్ని, టొరంటో దగ్గర ఓక్‌విల్‌లో ముప్పై ఏళ్ళు ఫార్మసిస్టుగా చేసి నాలుగు రకాల మనుషుల్ని చూసినదాన్ని, నాన్న ఫొటోకి వేసిన దండ వాడకముందే, చేతిలో పెరుగు గిన్నె పట్టుకుని పళ్ళు కనబడేలా నవ్వాను.

నా నవ్వు చూసి ఆయనకి హుషారు పెరిగింది. జేబులోంచి ఫోన్ తీసి, నేనూ ఉన్న మన రిటైర్డ్ పెద్దల వాట్సాప్ గ్రూపులో వచ్చిన బొమ్మ చూపించారు. తెల్ల అంగీ మీద ఎర్ర శిలువ, తలకి ఇనప టోపీ, చేతిలో నెత్తురోడుతున్న కత్తి. కింద తెలుగులో “ఇలాంటి వాళ్ళు మళ్ళీ పుట్టాలి” అని రాసి ఉంది. శనివారం ఒంటిపూట భోజనం చేసే మనిషి, గుడ్డు తగిలిన గరిటెను కూడా ముట్టని మనిషి, వెయ్యేళ్ళనాటి ఒక ఐరోపా హంతకుడి బొమ్మను మనవడి ఫొటోలా మురిపెంగా చూపిస్తున్నారు. ఆ బొమ్మలోని వాళ్ళు మన ఊళ్ళకి వచ్చి ఉంటే మననీ అలాగే నరికేవారని ఆయనకి తట్టదు. నరికింది ఎవరిని అన్నదొక్కటే ఆయనకి కావాలి. నా రోత ఆయన మీదా, నా మీదా అన్నది తేల్చుకోలేక, పేపర్ ప్లేట్లు తెస్తానని చెప్పి బేస్‌మెంట్‌లోకి దిగిపోయాను.

మా బేస్‌మెంట్‌కి ఒక వాసన ఉంది. యాభై ఏళ్ళలో ఇంటికి రంగులు మారాయి, కిటికీలు మారాయి, అమ్మ పోయింది, ఆ వాసన మాత్రం పోలేదు. ఇల్లంతా వెచ్చబెట్టే ఫర్నేస్ వేడికి ఎండిన కార్డ్‌బోర్డు, నాన్న పాత పుస్తకాలు, ఏనాడో పొంగి కారిపోయిన ఇడ్లీ పిండి, అన్నీ కలిసిన వాసన అది. చలికాలం బయట మైనస్ ముప్పై ఉన్నప్పుడు పిండి పులియాలంటే ఆ ఫర్నేస్ పక్కనే పెట్టాలి. ప్లేట్ల కోసం ఫర్నేస్ వెనక అర వెతుకుతుంటే నాన్న చేతిరాతతో ‘అంతియొకయ, యెరూషలేము’ అని కాగితం అంటించిన బిస్కెట్ డబ్బా దొరికింది. మూత తీశాను. లోపల కందిపప్పు, పొట్టు మినుములు, బియ్యం, అన్నీ కలిసిపోయి, పురుగు పట్టి, సగానికి సగం పొడైపోయి ఉన్నాయి. ముక్కిపోయిన వాసన గుప్పున కొట్టింది. చివరి వారంలో, హాస్పిటల్లో, నాన్న నా చెయ్యి పట్టుకుని “అమ్మడూ, నాతో చెప్పాల్సిందేమైనా ఉందా?” అని అడిగాడు. ఇల్లు అమ్మే సంగతి అడుగుతున్నాడనుకున్నాను. ఆ మాట ఎందుకో డబ్బా చూడగానే గుర్తొచ్చింది.

నాన్న యూనివర్సిటీలో చరిత్ర చెప్పేవాడు. గుంటూరులో మిషన్ కాలేజీలో చదువుకున్న బ్రాహ్మణ కుర్రాడికి శిలువ యుద్ధాల పిచ్చి ఎలా పట్టుకుందో మా బంధువులెవరికీ అర్థం కాలేదు. మన చరిత్ర లేదా, కాకతీయులు లేరా అనేవారు. నాన్న నవ్వి ఊరుకునేవాడు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఈ ఊరు వచ్చాం. అప్పట్లో ఇక్కడ మా ఎరుకలో తెలుగు కుటుంబాలు అయిదు. శనివారం మధ్యాహ్నం అందరూ మా ఇంటికే చేరేవారు. కార్లన్నీ ఇంటిముందు నిలిపి, ఇంజను గడ్డకట్టకుండా కరెంటు తీగలు తగిలించి, బూట్ల మంచు గుమ్మంలో దులుపుకుని లోపలికొస్తే, ఆడవాళ్ళు వంటింట్లోకి, మగవాళ్ళూ పిల్లలూ బేస్‌మెంట్‌లోకి. అక్కడ నాన్న ఇత్తడి పళ్ళెం సిద్ధం చేసి ఉంచేవాడు. అది అమ్మమ్మ ఇచ్చిన పెద్ద పళ్ళెం, వడియాల పిండి కలపడానికి అమ్మ అంత దూరం నుంచి మోసుకొచ్చింది. అందులోనే నాన్న ముట్టడులు జరిపేవాడు.

పేకముక్కలు కోట గోడలు. అగ్గిపెట్టెలు ఎత్తైన కొయ్య బురుజులు. కందిపప్పు ఐరోపా నుంచి వచ్చిన సీమ సైన్యం, మినుములు సుల్తాను సైన్యం, లవంగాలు రాజులు, చింతపిక్కలు గుర్రాలు. గోడ లోపల మాత్రం గుప్పెడు బియ్యం పోసేవాడు. “వీళ్ళు ఏ పక్షమూ కాదు. ఊళ్ళో జనం. ముస్లిములున్నారు, యూదులున్నారు, అక్కడి పాతకాలపు క్రైస్తవులున్నారు. రొట్టెలు కాల్చేవాళ్ళు, గుడ్డలుతికేవాళ్ళు” అనేవాడు. పేర్లన్నీ తెలుగు బైబిల్లో ఉన్నట్టే పలికేవాడు, అవి తప్ప ఆ ఊళ్ళకి తెలుగు పేర్లు ఆయనకి తెలియవు. ఆటకి రెండు నియమాలు పెట్టాడు. ఒకటి, పిల్లలు వారం వారం పక్షం మారాలి. ఈ వారం గోడ లోపల ఉన్నవాళ్ళు పై వారం గోడ బయట. రెండు, గోడ పడేముందు బియ్యం తీసెయ్యాలి. ఆ పని ఆయనే చేసేవాడు. బియ్యాన్ని గుప్పిట్లోకి తీసుకుని, “ఇక్కడ ఏం జరిగిందో నేను చెబుతాను, మీరు చెయ్యక్కర్లేదు” అని, జరిగిన ఊచకోత రెండు ముక్కల్లో చెప్పి, ఆ గుప్పిలి అలాగే పట్టుకుని కాసేపు కూర్చునేవాడు. సుల్తానుల వంతు వచ్చినప్పుడూ అంతే, వాళ్ళు కూల్చిన ఊళ్ళప్పుడు కూడా బియ్యం ఆయన గుప్పిట్లోకే వెళ్ళేది.

ఈ ముట్టడుల మీద అమ్మకి చెడ్డ కోపం. ఆ రోజుల్లో మినుములు ఇక్కడ దొరికేవి కావు, టొరంటో నుంచి పార్సిల్లో తెప్పించుకోవాలి. ఆట అయ్యాక కలిసిపోయిన పప్పులన్నీ ఆవిడ నానబోసేది. ఆదివారం పొద్దున్నే వాటితో అట్లు, రూబార్బ్ పచ్చడి. గోంగూర లేని ఊళ్ళో ఆ పుల్లటి రూబార్బ్ కాడలే మా గోంగూర. ఒక శనివారం నాన్న మరొక ఊరి ముట్టడి చెప్పాడు. అక్కడ తిండి దొరక్క సీమ సైనికులు చచ్చినవాళ్ళ మాంసం తిన్నారని, ఆ సంగతి వాళ్ళ పక్షం వాళ్ళే రాసుకున్నారని చెప్పాడు. మర్నాడు అట్టు నా పళ్ళెంలో పడగానే నాకు వాంతి వచ్చినంత పనైంది. అమ్మ అట్లకాడ పట్టుకుని నాన్న మీదికి వెళ్ళింది. “ఆ చచ్చినవాళ్ళ కథలు కొంపలో చెప్పొద్దంటే విన్నారా? పిల్ల తిండి మానేసింది” అని. నాన్న మాత్రం, “అసహ్యం వేసిందా అమ్మడూ? మంచిదే. అది వెయ్యకపోతేనే భయపడాలి” అన్నాడు. ఆ మాట అప్పుడు నాకు ఎక్కలేదు.

శనివారాలు వచ్చేవాళ్ళలో నాన్నకి అందరికన్నా దగ్గరివాడు రహీం అంకుల్. నెల్లూరాయన, హాస్పిటల్లో మత్తు డాక్టరు. చేతులెప్పుడూ హాస్పిటల్ సబ్బు వాసన వేసేవి. అమ్మని చెల్లెమ్మా అనేవారు, అమ్మ ఆయన్ని అన్నయ్యగారూ అనేది. అమ్మ టీ నీళ్ళలా ఉంటుందని వేళాకోళం చేసి, మా వంటింట్లో ఆయనే స్టవ్ దగ్గర నిలబడి అందరికీ టీ కాచేవారు. కమలాపండు తొక్కను తెగకుండా ఒకే చుట్టగా వలిచి పిల్లల చేతికిచ్చేవారు. ఆయన కూతురు సల్మాది నా ఈడే. ఆ ఊళ్ళో నాతో తెలుగులో పోట్లాడగలిగిన ఆడపిల్ల అది ఒక్కతే. ఇద్దరం ఒకే బడి, ఒకే బస్సు, ఒకరి మఫ్లర్ ఒకరికి. వెంకట్రావు అంకుల్ ఇంజనీరు, హాస్యప్రియుడు, ఆయన లేకపోతే సభ చప్పగా ఉండేదని అందరూ అనేవారు. ముట్టడి చూస్తూ, “ఎవడు పోయినా మనకి నష్టం లేదు కదండీ మాస్టారూ!” అని ఆయన అంటే మిగతా ఇద్దరు మగవాళ్ళూ పొట్టలు పట్టుకునేవారు. రహీం అంకుల్ కూడా చిన్నగా నవ్వేవారు. ఆ చిన్న నవ్వుకి ఆయనకెంత ఖర్చయ్యేదో ఇప్పుడు ఊహిస్తే నాకు తల కొట్టేసినట్టవుతుంది.

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే తప్పంతా ముసలాయన మీద తోసినట్టవుతుంది. మా బడి హాకీ జట్టు గుర్తు శిలువ యోధుడే. తెల్ల చొక్కా, ఎర్ర శిలువ. ఆట ఉన్న రోజున తెల్లవాళ్ళ పిల్లలందరూ ఆ చొక్కాలేసుకుని ఒకటే అరుపులు. నాకు ఆ చొక్కా కావాలి. వాళ్ళలో ఒకతిని అనిపించుకోవాలి. నా టిఫిన్ డబ్బాలో చింతకాయ పచ్చడి వాసన వస్తుందని ముక్కు మూసుకున్న పిల్లలే, నేను ఆ జట్టు కేక గట్టిగా వేస్తే నా వంక చూసి తల ఊపేవారు. సల్మా ఆ కేకలు వేసేది కాదు. ఎందుకు వెయ్యదో నేను ఎప్పుడూ అడగలేదు.

ఆ శనివారం యెరూషలేము ముట్టడి. నియమం ప్రకారం నేను గోడ లోపల, సల్మా గోడ బయట. ఇద్దరం కూర్చున్నాం, బురుజులు గోడకి ఆనించాం. ఇంతలో ఇండియా నుంచి ఫోన్ అని అమ్మ పైనుంచి కేకేసింది. ఆ రోజుల్లో ఇండియా ఫోన్ అంటే మెట్లు రెండేసి చొప్పున ఎక్కాలి. నాన్న పరుగెత్తాడు. బియ్యం తీసి వెళ్ళడం మర్చిపోయాడు. రహీం అంకుల్ పైన టీ దగ్గర ఉన్నారు. వెంకట్రావు అంకుల్ ముందుకు జరిగి, “ఇదేం బాలేదు. సల్మా, నువ్వటు కూర్చో, మీ వాళ్ళ వైపు. సుధా, నువ్విటు రా. ఇప్పుడు చూద్దాం తమాషా” అన్నారు. సల్మా నా మొహం చూసింది. పోయిన వారం బయట నేనే, ఈ వారం లోపల నా వంతు కదా అని నేను అనాలి. అనలేదు, లేచి ఇటు వచ్చి కూర్చున్నాను.

పేకముక్కల గోడని ఒక్క తోపు తోశాను. కందిపప్పుని రెండు చేతులతో లోపలికి నెట్టాను. “అంతేనా? ఊళ్ళో వాళ్ళని వదిలేస్తావా? వదిలేస్తే నువ్వేం యోధురాలివి?” అన్నారు అంకుల్. అరలో అమ్మ మిరియాలు దంచుకునే చిన్న ఇత్తడి రోకలి ఉంది. దాన్ని తెచ్చి పళ్ళెంలో బియ్యాన్ని దంచాను. నూకలైపోయేదాకా దంచాను. ఇత్తడి మీద ఇత్తడి ఠంగుమంటుంటే అక్కడున్న ముగ్గురు మగవాళ్ళూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నాకు ఎంత బాగున్నాయో చెప్పకపోతే ఈ రాతకి అర్థం లేదు. బడిలో అరిచినప్పుడు తల ఊపిన పిల్లలకన్నా ఇవి పదింతలు. ఇంకా కావాలనిపించింది. నాన్న చెప్పిన ఆ తిండి లేని ముట్టడి గుర్తొచ్చింది. సల్మా ముందున్న కుప్పలోంచి గుప్పెడు మినుములు తీసి నోట్లో పోసుకుని, “మీ వాళ్ళని తినేస్తున్నా, చూడు!” అని నమిలాను. పచ్చి మినుములు నమిలితే ముందు రాళ్ళలా ఉంటాయి, తర్వాత జిగురు సాగుతుంది. నల్ల పొట్టు పళ్ళకి అంటుకుని, గడ్డం మీదికి తెల్లటి సొంగ కారుతుంటే నోరు తెరిచి అందరికీ చూపించాను. అంకుల్ నవ్వలేక కళ్ళు తుడుచుకున్నారు.

సల్మా ఏడవలేదు. “మా వాళ్ళెవరే?” అని అడిగింది. నిజంగా తెలియకే అడిగింది. నెల్లూర్లో పుట్టి, విన్నిపెగ్‌లో పెరుగుతున్న పిల్ల, తన వాళ్ళెవరో నన్నడిగింది. నేను నోరు నిండా ఉండగానే మినుముల కుప్ప వైపు వేలు చూపించాను. అది ఆ కుప్పని ఒకసారి చూసి, వంగి, కార్పెట్ మీద చెదిరిన నూకలు ఏరడం మొదలుపెట్టింది. అన్నం గింజ తొక్కకూడదని వాళ్ళింట్లోనూ చెబుతారు, మా ఇంట్లోనూ చెబుతారు. అప్పుడు తలెత్తి చూస్తే మెట్ల మీద రహీం అంకుల్, చేతుల్లో టీ కప్పుల ట్రే. ఎంతసేపటి నుంచి నిలబడ్డారో తెలియదు. ట్రేని వాషింగ్ మెషీన్ మీద పెట్టి, “సల్మా, బూట్లు వేసుకో నాన్నా” అన్నారు. నా వంక చూశారు. కోపంగా చూసి ఉంటే ఇన్నేళ్ళు గుర్తుండేది కాదు. ఆపరేషన్ బల్ల మీద పిల్లని చూసినట్టు చూశారు.

నాన్న కిందికి వచ్చేసరికి వాళ్ళ కారు వెళ్ళిపోయింది. పళ్ళెంలో నూకలు చూశాడు, నా గడ్డం చూశాడు. “ఏమైంది?” అన్నాడు. “ఏం లేదు మాస్టారూ, పిల్లలాట. ఆయనకెందుకో కోపమొచ్చింది” అన్నారు వెంకట్రావు అంకుల్. నాన్న నన్ను అడిగాడు. “ఏమో నాన్నా. నువ్వు చెప్పే కథలు వాళ్ళకి నచ్చలేదేమో” అన్నాను. ఎవరూ నేర్పకుండానే అంత చక్కటి అబద్ధం నా నోట్లోంచి వచ్చింది. నోట్లో ఇంకా జిగురు ఉంది. నాన్న “అంతే అయుంటుంది” అని, పళ్ళెంలో ఉన్నదంతా బిస్కెట్ డబ్బాలోకి వంచేశాడు. ఆ పప్పులు అమ్మకి ఇవ్వలేదు. ఆ ఆదివారం అట్లు లేవు.

తర్వాత మా ఇంట్లో అదే చరిత్రగా స్థిరపడింది. నాన్న పాఠాల వల్ల రహీం గారి మనసు నొచ్చుకుంది, రాకపోకలు ఆగిపోయాయి. అమ్మ పోయేదాకా దెప్పుతూనే ఉంది. “బంగారంలాంటి మనిషిని దూరం చేసుకున్నారు మీ వెధవ యుద్ధాలతో” అనేది. నాన్న తలొంచుకుని అన్నం కలుపుకునేవాడు. నేను పక్కనే కూర్చుని తినేదాన్ని. మళ్ళీ ఎప్పుడూ పళ్ళెం కిందికి దిగలేదు. శనివారాలు భోజనం కాగానే నాన్న కోటు వేసుకుని, “లైబ్రరీకి వెళ్ళొస్తా” అని వెళ్ళిపోయి సాయంత్రం పుస్తకాలతో వచ్చేవాడు. సల్మా బస్సులో వేరే సీటుకి మారింది. పై ఏడు వాళ్ళు ఊరికి అవతలి కొసన ఇల్లు కొనుక్కుని, బడి కూడా మారింది. నాకు తేలికగా అనిపించింది. ఆ తేలికదనాన్ని తలుచుకుంటేనే ఇప్పుడు నాకు అన్నిటికన్నా రోత.

అప్పటికీ ఇప్పటికీ తేడా ఏముందని ఈ మధ్య ఆలోచిస్తున్నాను. అప్పుడు ముగ్గురు మగవాళ్ళు చప్పట్లు కొట్టడానికి మంచులో కారు నడుపుకుని రావాలి. ఇప్పుడు సోఫాలోంచి లేవకుండా మూడు వందల మంది కొడతారు. టొరంటో పక్కనున్న వాన్ నుంచి వాంకూవర్ దాకా, పొద్దున్నే శుభోదయం పువ్వు, దాని కింద కత్తి పట్టిన యోధుడు, దాని కింద మోకాళ్ళ నొప్పులకి చిట్కా. అప్పుడు కనీసం బియ్యం తీసి గుప్పిట్లో పట్టుకునే మనిషి ఒకడు మా ఇంట్లో ఉండేవాడు. ఇప్పుడు ఆ గుప్పిలి కూడా కాలిపోయింది.

పదమూడో రోజు భోజనాల మర్నాడు డబ్బా తీసుకుని సల్మా ఇంటికి వెళ్ళాను. నాన్న అంత్యక్రియలకి అది వచ్చి, చివరి వరసలో కూర్చుని, వచ్చినవాళ్ళు సంతకం పెట్టే పుస్తకంలో పేరూ ఫోన్ నంబరూ రాసి, నాతో మాట్లాడకుండా వెళ్ళిపోయింది. మర్యాద కోసం వచ్చి ఉంటుందనుకున్నాను. అది ఇప్పుడు ఫ్యామిలీ డాక్టరు, ఇంకా వారానికి మూడు రోజులు క్లినిక్ చూస్తోంది. జుట్టు పూర్తిగా తెల్లబడింది. తలుపు తీసి, “రా సుధా. బూట్లు అక్కడ పెట్టు” అంది. టీ కాచింది, వాళ్ళ నాన్న టీయే, చిక్కగా. నేను కూర్చోకుండానే మొత్తం చెప్పేశాను. దంచింది, నమిలింది, నాన్న మీదికి నెట్టింది, నిన్న భోజనాల దగ్గర మళ్ళీ నవ్వింది. ఆ గ్రూపులోంచి బయటికొచ్చేశానని కూడా చెప్పాను.

“ఎగ్జిట్ అయ్యావా? అంతేనా?” అంది. “ఆయన మొహం మీద ఏమన్నా అన్నావా?”

“లేదు.”

“ఇట్స్ ఓకే అని మాత్రం నేననను సుధా. ఎందుకంటే నాట్ ఓకే. నేను మెడిసిన్‌లో చేరాక కూడా ఎవరైనా గట్టిగా నవ్వితే నన్ను చూసే నవ్వుతున్నారనుకునేదాన్ని.” టీ ఒక గుక్క తాగి కప్పు కింద పెట్టింది. “మీ నాన్నగారికి తెలుసు.”

“ఏం తెలుసు?” అన్నాను.

“ఆ నెక్స్ట్ సాటర్‌డేనే మా ఇంటికొచ్చారు. గుమ్మంలో నిలబడి ‘రహీం, తప్పు నాది, అవి పిల్లల ముందు చెప్పాల్సిన సంగతులు కావు’ అంటున్నారు. మా నాన్న ఊరుకున్నారు, నీ పేరు చెప్పలేదు. నాకే ఆయన్ని చూస్తే జాలేసింది. నేనే చెప్పేశా. అక్కడే బూట్లు తొడిగే స్టూల్ మీద కూర్చుండిపోయారు. ఆ తర్వాత ప్రతి సాటర్‌డే వచ్చేవారు.”

“శనివారాలు లైబ్రరీకి వెళ్ళేవాడు” అన్నాను.

“లైబ్రరీలో ఆగి వచ్చేవారు. నాకు కూడా బుక్స్ తెచ్చేవారు. మా నాన్న పోయినప్పుడు బరియల్‌కి అందరికన్నా ముందొచ్చారు. నీకు చెప్పలేదా ఆయన?”

తొమ్మిదేళ్ళ కిందట రహీం అంకుల్ పోయిన సంగతి నాన్నే నాకు ఫోన్లో చెప్పాడు. పేపర్లో చూశానన్నాడు. అయ్యో అని, నేను వేరే మాటలోకి వెళ్ళిపోయాను.

“నా గురించి నాన్న ఏమైనా అనేవాడా?” అని అడిగాను.

సల్మా డబ్బా మూత తీసి చూసింది. మొహం పక్కకి తిప్పుకుని మళ్ళీ మూసేసింది. “మా నాన్న ఒకసారి అడిగారు, ‘సుధతో మాట్లాడారా మాస్టారూ’ అని. మీ నాన్నగారు ఏమన్నారంటే, ‘నేనడిగితే ఒప్పుకుంటుంది. అప్పుడది నేను ఒప్పించినట్టవుతుంది. తనంతట తను వచ్చి చెప్పనీ. చెబుతుంది రహీం, మంచి పిల్ల’ అన్నారు. ఇద్దరూ చూస్తూ ఉన్నారు. నువ్వు యూనివర్సిటీకి వెళ్ళేటప్పుడు చెబుతుందేమో అనుకున్నారు. నీ పెళ్ళికి ముందు అనుకున్నారు. మీ అమ్మగారు పోయినప్పుడు అనుకున్నారు.”

“తర్వాత?”

“పోయిన నెల హాస్పిటల్లో చూడ్డానికి వెళ్ళా. నువ్వు ఓక్‌విల్ నుంచి వస్తున్నావని హ్యాపీగా ఉన్నారు. ‘ఈసారి నేనే కొంచెం సందు ఇస్తా సల్మా, చెప్పడానికి దానికి తేలికవుతుంది’ అన్నారు.” నా వంక చూసింది. “ఇచ్చారా?”

కిటికీ అవతల కరుగుతున్న మంచు చూరు మీంచి చుక్కలు చుక్కలుగా పడుతోంది. నోట్లో పచ్చి మినుముల జిగురు తగిలింది.

ఇచ్చాడని చెప్పాను. నా చెయ్యి పట్టుకుని మరీ అడిగాడని చెప్పాను. నేను దుప్పటి సర్ది, “ఏమీ లేదు నాన్నా, పడుకో” అన్నానని చెప్పాను.